శిరుయి లిల్లీ మన కుండీలో పూస్తుందా?

పోయిన సంచికలో మణిపూర్‌లో శిరుయి కొండ మీద పూసే శిరుయి లిల్లీ ఫొటో వేసి కింద నాలుగు వాక్యాలు రాశాం, అంతే. మామిడి పూత రాలిపోయే రోజుల్లో కూడా ఇన్ని ఉత్తరాలు రావు. సగం మంది అడిగింది ఒకటే, దుంప ఎక్కడ దొరుకుతుందని. కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం ఆ పువ్వుకీ దాని చుట్టాలకీ ఇచ్చేస్తున్నా, గులాబీకి పేనుబంక పట్టినవాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది కడియపులంకలో నర్సరీ. హాలండ్ నుంచి వచ్చే లిల్లీ దుంపలు చలికాలంలో కుండీల్లో పూయించి అమ్ముతుంటాం. ఈ శిరుయి లిల్లీ దుంపలు ఎక్కడైనా దొరికితే చెప్పండి, మంచి గిరాకీ ఉంటుంది. అయితే ఆ కొండ దాటితే అది బతకదని ఎవరో అన్నారు, నిజమేనా?
– నర్సరీ రైతు, కడియం మండలం

జవాబు: రెండో సంగతి ముందు తేల్చేద్దామండీ. "ఆ కొండ తప్ప ఇంకెక్కడా బతకదు" అని టూరిజం కరపత్రాల్లో రాస్తారు, పేపర్లలో రాస్తారు, వినడానికి బాగుంటుంది కాబట్టి అందరం నమ్మేస్తాం. స్కాట్లండ్‌లో ఇళ్ల తోటల్లో ఈ లిల్లీ హాయిగా పూస్తుంది, కాయలు కాస్తుంది, విత్తనంతో కొత్త మొక్కలూ వస్తాయి. 1948లోనే లండన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ పూల ప్రదర్శనలో దీనికి మెరిట్ అవార్డు ఇచ్చారు. కొండ మహిమే అయితే అక్కడిదాకా వెళ్లి పూసేదా?

దానికి కావాల్సింది వాతావరణం. మే నెలలో కూడా చల్లగా ఉండాలి, గాలిలో తేమ ఉండాలి, మట్టి కాస్త ఆమ్ల గుణంతో, కుళ్లిన ఆకుతో గుల్లగా ఉండాలి, వాన బాగా పడాలి కానీ చుక్క నీరు నిలవకూడదు, చలికాలం వచ్చేసరికి పైన కాడ ఎండిపోయి దుంప నేలలో నిద్రపోవాలి. స్కాట్లండ్‌లో ఇవన్నీ ఉన్నాయి. కడియంలో వీటిలో ఎన్ని ఉన్నాయో మీరే చెప్పండి. గోదావరి ఒండ్రులో ఏది గుచ్చినా బతుకుతుందనే ధీమా మీకుంటుంది, అందులో తప్పు లేదు, కానీ ఈ దుంప మే నెల వేడికి లోపల కుళ్లడం మొదలుపెడుతుంది, పైన ఆకు పసుపుబారేదాకా మీకు తెలియను కూడా తెలియదు.

మరి హాలండ్ లిల్లీలు ఎలా పూస్తున్నాయి అంటారు. అవి సంకరజాతులు, వాటి దుంపల్ని ముందే చల్లటి గదుల్లో పెట్టి చలికాలం అయిపోయిందని నమ్మించి పంపిస్తారు. దుంపలో దాచుకున్న బలంతోనే ఆ మొక్క పూసేస్తుంది, మనం చూసుకునేది ఆఖరి రెండు మూడు నెలలే. అదే దుంప రెండో ఏడు మీ దగ్గర సరిగ్గా పూయదన్న సంగతి నాకంటే మీకే బాగా తెలుసు, అందుకే కదా ఏటా కొత్త సరుకు దింపుతారు!

ఇక దుంప ఎక్కడ దొరుకుతుంది అన్నదానికి, చెప్పను. కోపం తెచ్చుకోకండి. లిల్లీ దుంపకి ఉల్లిపాయకున్నట్టు పైన పొట్టు ఉండదు, వెల్లుల్లి రెబ్బల్లా విడివిడి పొరలు ఉంటాయి, తవ్వి సంచిలో వేస్తే విరిగిపోతాయి, ఎండిపోతాయి, దారిలోనే సగం పోతాయి. అలా తెచ్చిన పది దుంపల్లో రెండు బతికి, ఆ రెండూ మన ఎండకి చస్తే, కొండ మీద పది మొక్కలు తగ్గినట్టే, మీ నర్సరీకి మిగిలేది ఏమీ లేదు. పైగా ఆ కొండ జాతీయ పార్కు, అలాంటి పార్కుల్లోంచి మొక్కలు పీకడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆన్‌లైన్‌లో "ఒరిజినల్ శిరుయి లిల్లీ బల్బ్" అని అమ్మేవాళ్ల మాటకొస్తే, అది నిజమైనదైతే దొంగతనం, కాకపోతే మోసం. రెండిట్లో ఏదైనా మీరు డబ్బు పెట్టాల్సిన వ్యాపారం కాదు.

ప్రశ్న: నమస్తే మేడమ్. కడియంలో ఎండ సరే, మాది చింతపల్లి. పక్కనే లంబసింగి, డిసెంబర్‌లో గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. మా దగ్గర కూడా రాదా?
– స్కూల్ టీచర్, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: రాదనే అనుకోండి. మీకు చలికాలం ఉంది, చల్లటి ఎండాకాలం లేదు, లిల్లీకి ఆ రెండోది ముఖ్యం. లంబసింగి ఎత్తు సుమారు 1,000 మీటర్లు. శిరుయి లిల్లీ పెరిగేది సుమారు 1,730 నుంచి 2,590 మీటర్ల మధ్య. మన తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తయిన శిఖరాలు, మీ జిల్లాలోని జిందగడ, ఆర్మకొండ, అవి కూడా 1,700 మీటర్లు దాటవు. అంటే మన రాష్ట్రంలో నెత్తి మీదికి ఎక్కి నిలబడినా ఆ పువ్వు గుమ్మం దగ్గరికి కూడా చేరం. దానికితోడు శిరుయి కొండ ఉన్న ఉఖ్రుల్ దాదాపు 25 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, మనం 18 దగ్గర ఉన్నాం. మీ పిల్లలకి భూగోళం పాఠంలో చెప్పడానికి పనికొస్తుంది, కుండీ వరకు మాత్రం వద్దులెండి. మీ అడవుల్లో వానాకాలం వచ్చే అగ్నిశిఖని చూపించండి, ఎరుపు పసుపు రేకులు మంటలా పైకి లేచి ఉంటాయి, దాని దుంప విషం కాబట్టి చేతులు మాత్రం పెట్టనివ్వకండి.

ప్రశ్న: దీని శాస్త్రీయనామం లిలియం మక్లీనియే అని రాశారు. మణిపూర్ కొండల్లో ఆ ఊరివాళ్లు తరతరాలుగా చూస్తున్న పువ్వుకి ఎవరో దొరసాని పేరు ఎందుకమ్మా? ఇది నాకు మింగుడు పడలేదు.
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మింగుడు పడకపోవడంలో న్యాయం ఉంది. ముందు కథ వినండి.

ఫ్రాంక్ కింగ్డన్-వార్డ్ అని ఇంగ్లండ్ ఆయన, జీవితమంతా టిబెట్, బర్మా, అస్సాం కొండల్లో తిరుగుతూ విత్తనాలు సేకరించి సీమ తోటలకి పంపడమే ఆయన వృత్తి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇండియా నుంచి చైనాకి కొండల మీదుగా సరుకులు మోసిన అమెరికా విమానాలు ఎన్నో కూలిపోయాయి. యుద్ధం అయ్యాక వాటి శకలాలు వెతకడానికి ఆ అడవులు తెలిసిన మనిషి కావాల్సి వచ్చి ఈయన్ని పెట్టుకున్నారు. ఆ పని మీదే 1946లో తూర్పు మణిపూర్ వెళ్లి, శిరుయి కొండ ఎక్కితే అక్కడ ఒక లిల్లీ ఎండుకాయ కనబడింది. ఆయన చూసింది పువ్వుని కాదు! కాయలోని విత్తనాలు పంపిస్తే సీమలో మొలిచి పూసింది.

1947 నవంబర్‌లో ఆయన జీన్ మాక్లిన్‌ని పెళ్లి చేసుకున్నారు, ఆవిడ తండ్రి బొంబాయి హైకోర్టులో జడ్జి. 1948లో ఇద్దరూ కలిసి మళ్లీ ఉఖ్రుల్ వచ్చి నెలల తరబడి మొక్కలు సేకరించారు. 1949లో సీలీ అనే వృక్షశాస్త్రవేత్త ఈ లిల్లీని కొత్త జాతిగా వర్ణిస్తూ ఆవిడ పుట్టింటి పేరు పెట్టారు. ఆవిడ ఊరికే పేరు కొట్టేసిన మనిషి కాదండోయ్, ఆయనతో సమానంగా ఆ కొండలన్నీ నడిచారు, 1950 ఆగస్టు 15 నాటి అస్సాం భూకంపం వచ్చినప్పుడు ఇద్దరూ టిబెట్ సరిహద్దులో డేరాలో ఉన్నారు, కొండలు కూలుతుంటే బతికి బయటపడ్డారు.

అయినా మీ మాట మీదే నేనూ ఉన్నాను. అక్కడి తంఖుల్ నాగాలకి అది "కషోంగ్ తిమ్రావన్". కొండని కాపాడే ఫిలావా దేవత కూతురని చెప్పుకుంటారు. కొత్త జాతి అని పుస్తకంలో రాసుకున్నది 1949లోనే గానీ, ఊళ్లో అది ఎప్పుడూ కొత్తది కాదు. శాస్త్రీయనామం నియమాల ప్రకారం మొదట పెట్టిందే చెల్లుతుంది కాబట్టి దాన్ని ఇప్పుడు మార్చలేం, మన కబుర్లలో మాత్రం శిరుయి లిల్లీ అనే అందాం. 1989 నుంచి మణిపూర్ రాష్ట్ర పుష్పంగా చెలామణి అవుతున్నదీ ఆ పేరుతోనే.

ప్రశ్న: మేడమ్, గ్రూప్-2 రాస్తున్నా. ఒక పుస్తకంలో సిరోయ్, ఇంకోదాంట్లో షిరుయి, ఇంకోదాంట్లో సిరోహి అని ఉంది. టెన్షన్‌గా ఉంది, ఏది కరెక్ట్?
– అభ్యర్థి, అశోక్ నగర్, హైదరాబాద్

జవాబు: అన్నీ ఒకటే కొండ నాయనా, టెన్షన్ పడకు. గుర్తుపెట్టుకో: ఉఖ్రుల్ జిల్లా, మణిపూర్ రాష్ట్ర పుష్పం, పార్కు ప్రకటన 1982. రాజస్థాన్‌లో సిరోహి జిల్లా వేరే ఉంది, ఆప్షన్లలో దాన్ని పెట్టి తికమక పెడతారేమో చూసుకో. మణిపూర్ రాష్ట్ర జంతువు సంగాయ్ జింక, అది ఈ కొండ మీద ఉండదు, లోక్‌తక్ సరస్సులో తేలే కైబుల్ లామ్‌జావో పార్కులో ఉంటుంది. ఈ రెండు పార్కుల్నీ జతపరచమని అడిగే రకం ప్రశ్న అది.

ప్రశ్న: హాయ్ మేడమ్, మేం నలుగురం ఫ్రెండ్స్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. వచ్చే మేలో శిరుయి ట్రెక్ ప్లాన్ చేస్తున్నాం. ఎప్పుడు వెళ్తే పువ్వు గ్యారంటీగా కనిపిస్తుంది? ఏడు రంగులు ఉంటాయని వాట్సాప్‌లో చదివాం, నిజంగా కనిపిస్తాయా?
– మాదాపూర్ నుంచి

జవాబు: గ్యారంటీ ఇచ్చేది నేనైతే కాదు, వాన ఇవ్వాలి. మామూలుగా మే మధ్య నుంచి జూన్ దాకా పూస్తుంది. ముందు వానలు బాగా పడితే త్వరగా, లేకపోతే ఆలస్యంగా. సెలవు ఒక్క వారమే దొరికేట్టయితే మే ఆఖరు వారానికి పెట్టుకోండి. 2017 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ఎక్కువగా మేలో శిరుయి లిల్లీ ఉత్సవం చేస్తోంది. 2023లో మొదలైన గొడవల వల్ల రెండేళ్లు ఆగి, 2025 మే 20 నుంచి 24 వరకు మళ్లీ జరిగింది. పువ్వు కోసమే అయితే ఉత్సవం రోజులు కాకుండా వెళ్లండని నా సలహా. పాటల స్టేజీలు, స్టాళ్లు, జనం అన్నీ బాగానే ఉంటాయి, కొండ మీద పువ్వుకంటే సెల్ఫీ కర్రలే ఎక్కువ కనబడతాయి.

ఇంఫాల్ దాకా విమానం, అక్కడి నుంచి ఉఖ్రుల్ 80 కిలోమీటర్లు పైచిలుకు కొండదారి, ఉఖ్రుల్ నుంచి శిరుయి గ్రామం ఇంకో పదిహేను కిలోమీటర్లు పైన. ఊళ్లోంచి నడక మొదలవుతుంది, చివర్లో గడ్డి వాలు నిటారుగా ఉంటుంది. 2020 జనవరి నుంచి మణిపూర్‌కి ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి, మన తెలుగువాళ్లతో సహా బయటి రాష్ట్రాల వాళ్లందరికీ. మీ నలుగురిలో ఎవరికైనా విదేశీ పాస్‌పోర్ట్ ఉంటే ఆ అనుమతుల సంగతి వేరు, టికెట్లకి ముందే అది చూసుకోవాలి. ఇక అన్నిటికంటే ముఖ్యం, బయలుదేరే వారంలో ఆ దారి పరిస్థితి ఎలా ఉందో అక్కడివాళ్లని అడిగి తెలుసుకోండి, 2023 నుంచి ఆ రాష్ట్రం పడుతున్న కష్టాలు మామూలువి కావు, మన ట్రెక్ ఫొటోలు వాళ్ల బతుకుల తర్వాతే.

ఏడు రంగుల సంగతా? మైక్రోస్కోప్‌లో చూస్తే ఏడు రంగులు అని రాస్తుంటారు. నేను దాన్ని కవిత్వం కింద జమకడతాను. కంటికి కనబడేది చెబుతా వినండి: మొక్క ఒక అడుగు నుంచి మూడడుగుల ఎత్తు, చిన్న గంటల్లా కిందికి వంగిన పూలు, ఒక్కటి నుంచి ఏడు దాకా. రేకుల బయట లేత గులాబీ, కొన్నిటికి కాస్త ఊదా, లోపల దాదాపు తెలుపు. మబ్బు పట్టినప్పుడు ఒక రంగు, ఎండ తగిలితే ఇంకో రంగు అనిపిస్తుంది. తల వంచుకుని ఉంటుంది కాబట్టి లోపల చూడాలంటే మీరే నేల మీద పడుకోవాలి, దాని తల ఎత్తకండి, ఆ కాడ అంత గట్టిది కాదు. మీరు నిలబడే చోట కింద ఇంకా పూయని చిన్న మొక్కలు ఉంటాయి, బాట దిగకండి. తీసుకెళ్లిన ప్లాస్టిక్ అంతా తిరిగి తెచ్చుకోండి, ఊరివాళ్లు ఈ విషయంలో కచ్చితంగా ఉంటారు, ఉండాలి కూడా.

ప్రశ్న: టూరిస్టుల్ని ఆపేస్తే ఆ పువ్వు మిగిలిపోతుందా? మా లెక్చరర్ కాదంటున్నారు.
– బీఎస్సీ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: మీ లెక్చరర్ చెప్పింది నిజం. పువ్వులు కోసేవాళ్ల వల్ల నష్టం చాలా ఉంది, కోసిన పువ్వు కాయ కట్టదు, కాయ లేకపోతే విత్తనం లేదు, అంతవరకు సులువే. కానీ కొండ మీద పొట్టి వెదురు పాకుతోంది. అది గుబురుగా అల్లుకుని లిల్లీకి కావాల్సిన గడ్డి జాగాని, వెలుతురుని మింగేస్తుంది, దాన్ని గేటు వేసి ఆపలేం. దానికితోడు వాతావరణం వేడెక్కితే చల్లదనం కావాల్సిన మొక్కలు పైపైకి జరగాలి. శిరుయి శిఖరం 2,800 మీటర్లు చిల్లర, అది దాటాక ఎక్కడానికి ఇంకేం ఉంది? మైదానంలో మొక్కకైతే పక్క ఊరు ఉంటుంది, కొండ కొన మీద మొక్కకి ఆకాశమే.

ఇంఫాల్‌లో జీవవనరుల పరిశోధన కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది, అక్కడివాళ్లు టిష్యూ కల్చర్‌లో మొక్కలు పెంచి మళ్లీ శిరుయిలో నాటే పని చేశారు. మంచి పని. అయితే ల్యాబులో వెయ్యి మొక్కలు చేయొచ్చు, నాటేచోట వెదురు ఉంటే వెయ్యీ పోతాయి. నువ్వు ప్రాజెక్టు చేసేట్టయితే మొక్కనొక్కదాన్నే కాకుండా ఆ గడ్డి వాలు మొత్తాన్ని విషయంగా తీసుకో, మార్కులు ఎలా ఉన్నా నేర్చుకునేది ఎక్కువ ఉంటుంది.

ప్రశ్న: అమ్మా, చ్యవనప్రాశలో క్షీరకాకోలి అనేది ఒక కొండ లిల్లీ అని విన్నాను. మేం డబ్బా కొని తింటున్నదాంట్లో అది ఉంటుందా?
– గృహిణి, అనంతపురం

జవాబు: హిమాలయాల్లో పెరిగే లిలియం పాలీఫిల్లమ్ అనే తెల్ల లిల్లీ దుంపని క్షీరకాకోలిగా గుర్తిస్తారు, అష్టవర్గం అనే ఎనిమిది మూలికల్లో అది ఒకటి. తవ్వి తవ్వి అడవిలో బాగా అరుదైపోయింది. అసలు దొరకకపోవడం ఇప్పటి గొడవ కాదు తల్లీ, పదహారో శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశంలోనే అష్టవర్గం రాజులకి కూడా దుర్లభం అని రాసి, కాకోలి, క్షీరకాకోలి బదులు అశ్వగంధ వాడమన్నారు. కాబట్టి డబ్బా మీద పదార్థాల పట్టీ చదవండి, చాలావాటిలో అశ్వగంధే ఉంటుంది, అది శాస్త్రం ఒప్పుకున్నదే. "అసలైన అష్టవర్గం" అని ఎక్కువ ధర చెప్పేవాళ్లని మాత్రం నేనైతే నాలుగు ప్రశ్నలు అడుగుతాను.

ప్రశ్న: బర్త్‌డేకి ఎవరో లిల్లీల బొకే ఇచ్చారు. ఇంట్లో పిల్లి ఉంది. ఫ్రెండ్ ఒకరు వెంటనే బయట పడేయమంటోంది, ఓవర్ చేస్తోందా?
– న్యూజెర్సీ నుంచి

జవాబు: అస్సలు కాదు, ఈ ఉత్తరం నేను చదివేలోపే పడేసి ఉంటారని ఆశ. అసలైన లిల్లీలు, అంటే లిలియం రకాలన్నీ పిల్లులకి ప్రాణాంతకం, ఆకు, రేకు, ఒంటికి అంటుకుని నాకిన పుప్పొడి, చివరికి వేజులో నీళ్లు కూడా. కిడ్నీలు పోతాయి. కొరికిందని అనుమానం వస్తే లక్షణాల కోసం ఆగకుండా అప్పటికప్పుడు పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మన పూలకొట్లలో కిలోల లెక్కన అమ్మే దండల లిల్లీ, అదే నేల సంపెంగ, అది ఈ కుటుంబం కాదు, దానికి ఈ భయం లేదు.

ప్రశ్న: మణిపూర్ మాకు దూరం మేడమ్. దక్షిణాదిలో అడవి లిల్లీ చూసే వీలే లేదా? ఏటా ఎండాకాలం సెలవులకి ఊటీ వెళ్తుంటాం, ఎప్పుడూ కనబడలేదు.
– తిరుపతి

జవాబు: ఉంది, మీరు వెళ్లే ఊళ్లోనే ఉంది, మీరు వెళ్లే నెలలో లేదు. నీలగిరి లిల్లీ, శాస్త్రీయంగా లిలియం నీల్‌గెరెన్స్, ప్రపంచంలో అసలైన లిల్లీల్లో అన్నిటికంటే దక్షిణాన పెరిగేది ఇదే. నీలగిరి, పళని, ఆనైమలై కొండల మీద గడ్డి వాలుల్లో, రాళ్ల సందుల్లో ఉంటుంది. శిరుయి లిల్లీలా తల వంచుకోదు, జానెడు పొడవు తెల్లటి బాకా పువ్వు, పక్కకి చాచి ఉంటుంది, మంచి వాసన. వానలు పడ్డాక ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో పూస్తుంది. మేలో ఫ్లవర్ షో చూసి వచ్చేసే మన జనానికి అది కనబడదు, అప్పటికి ఇంకా నేలలో దుంపగానే ఉంటుంది. దసరా సెలవుల దాకా ఆగితే ఆఖరి పూలు దొరికినా దొరకొచ్చు, ఆగస్టు పదిహేను చుట్టూ సెలవులు కలిపి వెళ్తే ఇంకా నయం. ఆ నెలల్లో గొడుగు మాత్రం మరవకండి, ఊటీ వాన మీరు మేలో చూసే వానలా ఉండదు.